బదులు డోలు

పొద్దున ఏడింటికి డోళ్ల సాయిబు సర్వర్ తన దుకాణం తలుపు తీశాడు. నానేసిన మేకతోలును తొట్టిలోంచి తీసి పలక మీద పరిచాడు. కత్తి తీసుకుని వెంట్రుకలు గీకడం మొదలుపెట్టాడు. భద్రాచలం బస్టాండు వెనక సందులో ఆ దుకాణం మూడు తరాలుగా ఉంది. ముందు దుకాణం, వెనక ఇల్లు. చుట్టుపక్కల గూడేల్లో ఏ డోలు చినిగినా, ఏ డప్పు వదులైనా అక్కడికే వస్తుంది.

లోపల ఆయన భార్య షాకేరాకు కాలు ఒక్కచోట నిలవడం లేదు. కూతురు నజియా హైదరాబాదు నుంచి మధ్యాహ్నానికి వస్తుంది. రేపు ఊళ్లో ఆమెకు సన్మానం.

"అజీ, ఇయ్యాలన్న ఆ తోలు పని ఆపరాదా? ఇల్లంత వాసన."

"ఆ వాసనలనే పెరిగింది," అన్నాడు సర్వర్.

"అప్పుడు డోళ్ల సాయిబు బిడ్డ. ఇప్పుడు స్టూడియో హెడ్డు."

సర్వర్ మళ్లీ తోలు మీదికి వంగాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ ఆయనకు.

అంతలో షాకేరా తమ్ముడు మతీన్ వచ్చాడు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు ప్రింటు చేసే దుకాణం అతనిది. సన్మానం పెత్తనమంతా అతనే నెత్తిన వేసుకున్నాడు.

"బావా, ఫ్లెక్సీ చూసినవా? నిన్న సాయంత్రమే కట్టించిన. ఇరవై అడుగులు! నజియా ఫోటో పులి లెక్క ఉన్నది. బస్సు దిగినోడు దిగినట్టే నిలబడి చూస్తుండు."

"చూడలే."

"సందు తిరిగితే కనపడతది గదా!"

"పని ఉంది."

"అక్కా, ఈయన్ని రేపు స్టేజీ ఎక్కిస్తే మైకు కూడా పండుకుంటది," అన్నాడు మతీన్. షాకేరా నవ్వి అతని చేతిలో చాయ్ పెట్టింది.

నజియా సినిమాల్లోకి పోయింది ఈ దుకాణం గడప మీద నుంచే. ఆమెకు పంతొమ్మిదేళ్లప్పుడు షూటింగ్ వాళ్లు గోదావరి ఒడ్డుకు వచ్చారు. డోలు కొట్టేవాళ్లు కావాలని సర్వర్‌ని అడిగారు. ఎవరు ఏ గూడెంలో బాగా కొడతారో నజియాకు నోటికి వచ్చు. పేర్లు చెప్పింది. వాళ్ల వెంట తానూ పోయింది. అక్కడ డోలు వాళ్లను పొద్దుటి నుంచి ఎండలో కూర్చోబెట్టారు. అందరూ తిన్నాక అడుగున మిగిలిన మాడు అన్నం పెట్టారు. నజియా ఆ గిన్నె ఎత్తుకుపోయి మేనేజర్ కాళ్ల దగ్గర పెట్టింది. "ముందు మీరు తినండి సార్. మేం చూస్తం," అంది.

ఆ రోజు నుంచి ఆమె ఆర్టిస్టుల తరఫు మనిషి అయింది. హైదరాబాదు కృష్ణానగర్‌లో చిన్న గది, పాత ఫోను. అడవిలో ఆడేవాళ్లు, చిన్న వేషాల ముసలివాళ్లు, డప్పు వాళ్లు, ఎవరి తరఫున మాట్లాడే దిక్కు లేదో వాళ్లకు ఆమె ఏజెంటు. ప్రతి కాయితం కింద చేత్తో ఒక లైను రాసేది. 'ఆర్టిస్టు తెచ్చిన వస్తువు ఆర్టిస్టుదే. పని అయిన రోజే తిరిగి ఇవ్వాలి.' ఆ లైను కింద సంతకం పడకపోతే బండి కదలనిచ్చేది కాదు. సాయంత్రం ఆఖరి మనిషి తిని బండెక్కేదాకా తాను ముద్ద ముట్టేది కాదు. పన్నెండేళ్లు అట్లా చేసింది. ఆమెతో కొట్లాడి కొట్లాడి ఒక పెద్ద స్టూడియో వాళ్లు విసిగిపోయారు. చివరికి పిలిచి కుర్చీ వేశారు. రెండేళ్లయింది. ఇప్పుడు ఆ స్టూడియోలో ఏ సినిమా తీయాలో ఆమె చెప్పాలి.

మతీన్ చాయ్ ఇంకా పూర్తి కాలేదు. గుమ్మం ముందు జంపయ్య నిలబడ్డాడు. పక్కన మనవరాలు భవాని ఉంది. జంపయ్య భుజానికి పెద్ద డోలు వేలాడుతోంది.

పర్ణశాల దాటి అడవి లోపల ఉండే గూడెం జంపయ్యది. తలకు కొమ్ములు కట్టుకుని డోళ్లతో ఆడే అక్కడి ఆట జట్టుకు పెద్ద ఆయనే. డెబ్భై ఏళ్లు దాటాయి. సర్వర్ కత్తి చేతిలో పట్టుకునే లేచాడు. ఆయన చూపు డోలు మీదే ఉంది.

ఆ దుకాణానికి ఒక పద్ధతి ఉంది. సర్వర్ తాత పెట్టింది. ఎవరైనా డోలు బాగు చేయడానికి ఇచ్చి పోతే, దానికి బదులు దుకాణంలోంచి ఒక డోలు ఇచ్చి పంపాలి. వాళ్లది తయారయ్యేదాకా ఇది వాళ్లింట్లో ఉంటుంది. తమ డోలు తీసుకున్న రోజే బదులు డోలు తిరిగి తెస్తారు. తమది తీసుకోకుండా బదులు డోలు తెచ్చి ఇవ్వడం ఈ మూడు తరాల్లో జరగలేదు.

జంపయ్య డోలు దించి గడప మీద పెట్టాడు.

"ఇది నీది సాయిబూ. తీసుకో."

"నీ కొమ్ములు రాలే గదా."

"రాలే. ఇగ రావు. నీ డోలు నాకొద్దు."

ఆ డోలు సర్వర్ తండ్రి తన చేత్తో చెక్కింది. దసరా అయిన వారానికి దాన్ని జంపయ్య చేతిలో పెట్టింది సర్వరే. అప్పుడు నజియా స్టూడియో అడవి సినిమా ఒకటి తీస్తోంది. జంపయ్య జట్టు పదకొండు మందిని ఆటకు పిలిచారు. మిగతా వాళ్ల తలపాగాలకు గేదె కొమ్ములు ఉంటాయి. జంపయ్య ఇంటివి మాత్రం అసలు అడవిదున్న కొమ్ములు. వాళ్ల తాత నాటివి. గవ్వలు, నెమలి ఈకలు కట్టిన ఆ కొమ్ములు ముందు బయటికి వస్తేనే ఆ గూడెంలో ఆట మొదలవుతుంది. అట్లాంటివి ఇప్పుడు చేయించుకుందామన్నా లేవు. అడవిదున్న కంటబడడమే కష్టం, దాన్ని ముట్టుకుంటే జైలు.

సినిమా వాళ్లు అడిగితే జంపయ్య ఇవ్వనన్నాడు. నజియా స్వయంగా గూడేనికి పోయింది. తండ్రిని కూడా వెంటబెట్టుకుంది. "తాతా, మీ వాళ్లు బండెక్కేటప్పుడు కొమ్ములు కూడా ఎక్కుతయ్. నాది జబాన్, మాట తప్ప," అంది. అప్పుడు సర్వర్ తన తండ్రి డోలు తెచ్చి "అవి వచ్చేదాక ఇది మీ ఇంట్ల ఉంటది" అన్నాడు. ఎనిమిది నెలలయింది. ఆట వాళ్లు వచ్చారు. కొమ్ములు రాలేదు.

"నజియా పంపిస్త అన్నది జంపయ్యా. రెండుసార్లు ఫోన్ల నాతోటే అన్నది. ఆఫీసులో చెప్పిన, వస్తున్నయ్ అన్నది."

"నువ్వు ఆ మాట నాకు చెప్పినవ్. నేను గూడెంల చెప్పిన. వచ్చే శుక్రారం మాకు భూమి పండుగ. కొమ్ములు ఏవి పెద్దయ్యా అని అడుగుతుండ్రు. సినిమావోళ్లకు అమ్ముకున్నడని అంటుండ్రు." జంపయ్య సర్వర్ ముఖంలోకి చూశాడు. "నేను అమ్ముకున్ననా సాయిబూ?"

భవాని ముందుకు వచ్చింది. కొత్తగూడెంలో నర్సింగ్ చదువుతోంది ఆ పిల్ల. మాటలో బెదురు లేదు.

"పెదనాన్నా, కొమ్ములు ఎక్కడున్నయో నీకు తెల్వదా? పో, సందు తిరిగి చూడు. ఊరంత చూస్తున్నది."

సర్వర్ చెప్పులు కూడా వేసుకోలేదు. చేతిలో తోలు గీసే కత్తి అట్లాగే ఉంది. సందు తిరిగి బస్టాండు మూలకు పోయాడు. తల ఎత్తాడు.

ఇరవై అడుగుల ఫ్లెక్సీ. నజియా తన ఆఫీసు గదిలో పెద్ద కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. ఆమె తల వెనక గోడకు జంపయ్య కొమ్ములు వేలాడుతున్నాయి. గవ్వలు తెల్లగా మెరుస్తున్నాయి. కింద పెద్ద అక్షరాలు ఉన్నాయి. సర్వర్ చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని చదివాడు. 'మన అడవి బిడ్డల గొంతు, మన నజియా.'

ఆయన ముఖం నల్లబడింది. స్తంభం పక్కన చెరుకురసం బండి స్టూలు లాక్కుని ఎక్కాడు. కత్తితో తాడు కోశాడు.

"బావా! బావా! ఏం చేస్తున్నవ్! ఇరవై అడుగులు!" మతీన్ పరుగెత్తుకొచ్చాడు.

సర్వర్ రెండో వైపు పోయాడు. ఆ తాడూ కోశాడు. ఫ్లెక్సీ మతీన్ నెత్తి మీద పడింది.

"చుట్టు," అన్నాడు సర్వర్. "ఇంటికి పట్టుకరా."

నజియా కారు పన్నెండున్నరకు సందు మొదట్లో ఆగింది. రోహిణి ఎండ మండిపోతోంది. ఆమె నడిచి వచ్చి, "అమ్మీ, ఆకలి!" అంటూ గడప దాటబోయి ఆగిపోయింది.

ఇంటి ముందు గదిలో నేల మీద ఫ్లెక్సీ పరిచి ఉంది. గది చిన్నది. మడిచినా ఆమె ముఖం, వెనక కొమ్ములు గోడ నుంచి గోడ దాకా ఉన్నాయి. అవతలి వైపు జంపయ్య, భవాని కూర్చున్నారు. గోడకు ఆనుకుని షాకేరా ఏడుస్తోంది. సర్వర్, మతీన్ నిలబడి ఉన్నారు.

"ఇదేంది అబ్బూ? ఎవరు తీసిండ్రు?"

"నేనే."

"నా ముఖం నేల మీద పరిచినవా?"

"ముఖం గాదు. దాని వెనక చూడు. అవి ఎవరివి?"

నజియా జంపయ్య వైపు చూసింది. చూపు కిందికి దించుకుంది.

"తాతవి."

"తెలిసే పెట్టుకున్నవా?"

"అబ్బూ, విను. షూటింగ్ అయినంక ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు అన్నీ లెక్క రాసి గోడౌన్‌ల పెడతరు. అక్కడ ఉంటే పాడైతయ్. అందుకే నా గదిలో పెట్టించిన. నా దగ్గర ఉంటే భద్రంగా ఉంటయని..."

"ఎవరికి భద్రం?" అంది భవాని.

"భవానీ, నేను పెద్దవాళ్లతోటి మాట్లాడుతున్న."

"మాట్లాడక్కా. మేం మార్చి నెలల నీతోటి మాట్లాడుదమనే వచ్చినం. తాత, నేను. మీ స్టూడియో గేటు కాడ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాక కూసున్నం. ఎండల."

నజియా ముఖం పాలిపోయింది. "మీరొచ్చినట్టు నాకెవ్వరూ చెప్పలే! అల్లా సాక్షిగా చెప్పలే!"

"ఎట్ల చెప్తరు? గేటు కాడ బోర్డు పెట్టినవ్ గదా. ఆర్టిస్టులు నేరుగా రావొద్దు, ఏజెంటు ద్వారా రావాలె అని. కింద నీ సంతకం."

జంపయ్య అప్పటిదాకా నేలనే చూస్తున్నాడు. ఇప్పుడు తలెత్తాడు.

"గేటు కాడి పిలగాడు అడిగిండు బిడ్డా, నీ ఏజెంటు ఎవరు ముసలాయనా అని. లోపల ఉన్నది గదా, ఆ నజియానే నా ఏజెంటు అని చెప్పిన. వాడు నవ్విండు. ఇంకొకణ్ణి పిలిచి చెప్పి మళ్లీ నవ్విండు."

షాకేరా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నజియా కింద కూర్చుంది. గబగబా మాట్లాడింది. "తప్పయింది తాతా. పండుగ శుక్రారం గదా? నేను ఏదో ఒకటి చేస్త. మా ఆర్ట్ వాళ్లు రెండు రోజుల్ల ఫైబర్‌తోటి అచ్చం ఇట్లాంటివే చేస్తరు. ఎవరూ పోల్చలేరు. పండుగకు అవి పెట్టుకోండి. ఈ లోపల అసలువి ఎట్ల తేవాల్నో..."

"అక్కా," అంది భవాని, "మీ నాయిన్ని మేం తీసుకపోతం. ఫైబర్‌తోటి ఇంకొక నాయిన్ని చేసిస్తం. అచ్చం ఇట్లనే ఉంటడు. మాట కూడా మాట్లాడడు. సరేనా?"

మతీన్‌కు నవ్వు వచ్చినట్టుంది. సర్వర్‌ని చూసి మింగేశాడు.

"అసలువి తేవడానికి ఏమైతది?" అన్నాడు సర్వర్. "నీ గది. నీ గోడ. నీ చెయ్యి. తీస్తే రాదా?"

"అంత సులువు గాదు అబ్బూ. పద్ధతి ఉంటది."

"ఫోన్ చెయ్. అందరం వింటం."

నజియా ఫోన్ తీసింది. స్పీకర్ పెట్టింది. స్టూడియోలో కాయితాలు చూసే లాయర్ మురళీకృష్ణ ఎత్తాడు.

"మురళీ గారూ, నా గదిలో ఉన్న కొమ్ములు ఇవ్వాళే ఇక్కడికి పంపించాలి. అవి ఇచ్చినవాళ్లవి."

"మేడమ్, అవి స్టూడియో ఆస్తి కదండీ. రిజిస్టర్‌లో ఎక్కిపోయాయి. గేటు దాటాలంటే కంపెనీ బోర్డు అనుమతి కావాలి."

"ఎవరు చెప్పారు స్టూడియో ఆస్తి అని? ఆర్టిస్టు వస్తువు ఆర్టిస్టుదే. ప్రతి కాయితంలో ఆ లైను ఉంటుంది."

అవతల కాయితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఉండేది మేడమ్. మీరు బయట ఏజెంటుగా ఉన్నప్పుడు మీరే పట్టుబట్టి పెట్టించేవారు. ఇక్కడ చేరాక మొదటి నెలలో మీరే తీసేయించారు. 'ఇప్పుడు నేనే లోపల ఉన్నాను, ఇక ఆ లైను ఎవరి మీద అనుమానంతో' అన్నారు. ఆ మెయిలు నా దగ్గర ఉంది. ఆ లైను లేకపోతే సెట్ మీదికి వచ్చిన వస్తువు మనదే అవుతుంది. చదవమంటారా?"

"వద్దు," అంది నజియా.

ఫోన్ పెట్టేసింది. చాలాసేపు ఫ్లెక్సీలో తన ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

సర్వర్‌కు కోపం ఆగలేదు. జీవితంలో ఆయన అంత మాట్లాడింది ఎవరూ వినలేదు.

"ఆ లైను ఎవరి మీద అనుమానం అనుకున్నవే? కుర్చీ మీద. ఎవడు కూసున్నా కుర్చీ కుర్చీనే. నువ్వు కూసుంటే అది మారుతదా? మా తాత బదులు డోలు ఎందుకు పెట్టిండు? ఆయన దొంగనా? రేపు తానే మారితే ఎట్లని పెట్టిండు. మాడు అన్నం గిన్నె ఎత్తుకపోయి మేనేజర్ కాళ్ల కాడ పెట్టిన పిల్ల ఏది? నేను ఊరంత చెప్పుకున్న. నా బిడ్డ ఆఖరి మనిషి బండెక్కేదాక తినదని చెప్పుకున్న. ఈ ముసలాయన నీ గేటు కాడ తొమ్మిది గంటలు ఎండల కూసున్నప్పుడు నువ్వు లోపల తిన్నవా లేదా? చెప్పు. తిన్నవా?"

"అజీ, ఇగ చాలు," అంది షాకేరా. "పిల్ల పొద్దుటి నుంచి..."

"తిననీ. పెట్టు నీ బిడ్డకు. ముందు నీ బిడ్డకే పెట్టు."

షాకేరా లేచిన మనిషి అక్కడే ఆగిపోయింది.

నజియా తలవంచి ఏడుస్తోంది. ఆపుకోవడానికి ప్రయత్నించలేదు. "తిన్న అబ్బూ," అంది చివరికి. "ఆ రోజే గాదు, ఆఖరి షూటింగ్ రోజు కూడా నేను లేను. బొంబాయిల మీటింగ్ ఉండె. బండి ఎవరు ఎక్కించిండ్రో నాకు తెల్వదు. కొమ్ములు గోడకు పెట్టించినప్పుడు ఒక్కసారి అనుకున్న, తాతను అడగాలె అని. తర్వాత ఎవరొచ్చినా వాటిని చూసి మెచ్చుకున్నరు. మాది ఆ అడవి పక్కనే అని చెప్పుకునేదాన్ని. అట్ల చెప్పుకోవడం బాగుండె. అడిగితే పోతయ్ గదా అని అడగలే. వస్తున్నయ్ అని నీకు ఫోన్ల చెప్పింది అబద్ధమే."

జంపయ్య లేచాడు. "పోదం భవానీ. బస్సు టైమయింది."

"అన్నం తిని పో జంపయ్యా," అంది షాకేరా.

"వద్దమ్మా. ఇయ్యాల ఈ ఇంట్ల తినలేను."

ఆ మాటకు సర్వర్‌కు కత్తితో గీసినట్టయింది. జంపయ్య గడప దాటుతూ డోలు వైపు చూడలేదు. అది ఉన్నచోటే ఉంది.

నజియా చున్నీతో ముఖం తుడుచుకుని లేచింది. "మామూ, రేపటి సన్మానం వద్దని అందరికీ చెప్పు."

"హాలు బుక్ అయింది, శాలువా తెచ్చిన, ఎమ్మార్వో గారిని పిలిచిన..." మతీన్ ఆమె ముఖం చూసి ఆగాడు. "సరే. నాకు ఆరోగ్యం బాగలేదని చెప్త. నీకు గాదు, నాకు."

"ఎటు పోతున్నవే? తినకుండ?" అంది షాకేరా.

"హైదరాబాద్."

సర్వర్ చేతులు కడుక్కున్నాడు. చొక్కా తొడుక్కున్నాడు. పోయి కారు ముందు సీట్లో కూర్చున్నాడు.

మర్నాడు, ఆదివారం పొద్దున, స్టూడియో గేటు దగ్గర కారు ఆగింది. కాపలా మనిషి సెల్యూట్ కొట్టి గేటు తెరిచాడు. నజియా దిగింది. గేటు పక్కన తన సంతకం ఉన్న బోర్డును మేకుల నుంచి ఊడబీకింది. కాపలా మనిషి నోరు తెరిచాడు. బోర్డును చంకలో పెట్టుకుని తండ్రిని తీసుకుని లోపలికి నడిచింది.

గదిలో కుర్చీ ఎక్కి కొమ్ములు తానే దించింది. గవ్వలు ఒక్కొక్కటి లెక్కపెట్టి తన చున్నీలో చుట్టింది. మురళీకృష్ణ అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మంచి మనిషే. చెమటలు పడుతున్నాయి.

"మేడమ్, ఇట్లా తీసుకుపోతే నేను రాయక తప్పదు. దొంగతనం కింద వస్తుంది. చైర్మన్ గారికి ఏం చెప్పాలి?"

"దొంగతనం ఎనిమిది నెలల కింద జరిగింది. అప్పుడు ఎవరూ రాయలేదు. ఇప్పుడు రాయండి, నా పేరు మీదే రాయండి." ఆమె బల్ల మీద తెల్ల కాయితం తీసి చేత్తో రాసింది. 'ఆర్టిస్టు తెచ్చిన వస్తువు ఆర్టిస్టుదే. పని అయిన రోజే తిరిగి ఇవ్వాలి. ఈ లైను స్టూడియోలో ఎవరు ఉన్నా తీసేయడానికి లేదు.' సంతకం పెట్టింది. "ఇది ఇవ్వాళ్టి నుంచి అన్ని కాయితాల్లో. నేను ఈ కుర్చీలో ఉన్నంతసేపు నా ఆర్డరు చెల్లుతుంది కదా?"

"చెల్లుతుంది మేడమ్. ఉన్నంతసేపు."

"అయితే ఇప్పుడే పంపండి."

సర్వర్ అంతా చూశాడు. కొమ్ముల మూట ఆమె చేతుల్లోంచి తీసుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. భద్రాచలం దాకా ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. దారిలో ఫోన్ మోగింది. శుక్రవారం పది గంటలకు బోర్డు మీటింగ్, ఆమె వచ్చి జవాబు చెప్పుకోవాలి, రాకపోతే వాళ్లే నిర్ణయం తీసుకుంటారు. "నాకు శుక్రవారం పండుగ ఉంది," అని చెప్పి పెట్టేసింది.

సోమవారం గూడెంలో జంపయ్య మూట విప్పాడు. కొమ్ములను చేత్తో తడిమాడు. ఒక గవ్వ దగ్గర దారం తెగి ఉంది. దాన్ని మళ్లీ ముడి వేశాడు. నజియా నేల మీద మోకాళ్ల మీద కూర్చుని గూడెం వాళ్లందరూ వినేటట్టు చెప్పింది. "తాత అమ్ముకోలే. నేనే తిరిగి ఇయ్యలే. తప్పు నాది." జంపయ్య కొమ్ములు తీసుకుని ఇంట్లోకి పోయాడు. భవాని గడపలోంచి వెనక్కి తిరిగి, "శుక్రారం రాండ్రి," అంది. అంతే.

శుక్రవారం పొద్దున పదిగంటలకు కొమ్ములు బయటికి వచ్చాయి. వాటిని తల మీద పెట్టుకున్న జంపయ్య డెబ్భై ఏళ్ల మనిషిలా లేడు. డోళ్లు మోగాయి. పదకొండు మంది ఆడారు. ఆడవాళ్లు చేతులు పట్టుకుని వరుస కట్టారు. నజియా ఫోన్ సంచిలో మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఆమె తీసి చూడలేదు.

సర్వర్ తన తండ్రి డోలు తెచ్చాడు. ఆట ఆగిన సందులో జంపయ్య ముందు పెట్టాడు.

"కొమ్ములు వచ్చినయ్ గదా సాయిబూ," అన్నాడు జంపయ్య. "ఇగ దేనికి బదులు?"

"బదులు గాదు. ఊరికె. నీ ఇంట్ల ఉండనీ."

జంపయ్య డోలును కాసేపు చూశాడు. తర్వాత పట్టీ ఎత్తి భుజాన వేసుకున్నాడు.

ఆట అయ్యాక బంతి కూర్చున్నారు. వెంట వచ్చిన షాకేరా వడ్డించడానికి కొంగు బిగించింది. నజియాను కూర్చోమంటే కూర్చోలేదు. నీళ్ల బిందె పట్టుకుని ఒక్కొక్కరికి పోస్తూ తిరిగింది. మొదటి బంతి లేచింది. రెండో బంతి లేచింది. ఆఖరి ముసలావిడ చెయ్యి కడుక్కుని పోయింది. అప్పటికి మధ్యాహ్నం రెండయింది. నజియా పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

జంపయ్య ఇదంతా చెట్టు కింద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. లేచి వచ్చి ఒక ఆకు పరిచాడు. తన చేత్తో అన్నం పెట్టాడు.

"కూసో. ఇగ అందరూ తిన్నరు."

"కుర్చీ పోయినట్టే తాతా," అంది నజియా. "రేపటి నుంచి నేను మళ్లా ఉత్త ఏజెంటునే."

"మంచిదాయె," అన్నాడు జంపయ్య. "వచ్చే నెల ఎవరో ఖమ్మంల ఆటకు పిలుస్తుండ్రు. ఎట్ల మాట్లాడాల్నో మాకు తెల్వదు. నువ్వొచ్చి మాట్లాడు. ముందు ఆ లైను రాయించు."

నజియా ఆకు ముందు కూర్చుని అన్నంలో చెయ్యి పెట్టింది. కన్నీళ్లు అన్నంలో పడుతున్నాయి. సర్వర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన కూడా ఇంకా తినలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. తన ఆకును మధ్యకు జరిపింది.